పర్లాకిమిడిలో మా ఇంటి గచ్చు: మట్టి నింపడం నుంచి టైల్స్ తట్టి చూసుకోవడం దాకా

మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ నొప్పులే. కొత్తింటి పని ఇంకా పునాదుల్లో ఉండగానే ఆవిడ ఒక్కటే అడిగారు. "గోడలకి ఏ రంగేసుకుంటారో, కిటికీలు ఎలా పెట్టుకుంటారో మీ ఇష్టం అమ్మా. గచ్చు మాత్రం జారకూడదు. ఈ వయసులో పడితే మళ్లీ లేవలేను." ఆ తర్వాత టైల్స్ షాపుల్లో ఎంత మెరిసే సరుకు చూపించినా నాకు ఆ మాటే చెవిలో ఉండేది.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బజార్లో రెండూ. మావారి ఉద్యోగం రాయగడలో, ఆదివారాలే ఇంటికొస్తారు. నాది ఇక్కడే పోస్టాఫీసులో. అందుకని ఇల్లు కట్టించే బాధ్యత నా మీద పడింది. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సైటు దగ్గర ఆగేదాన్ని. ఇల్లు మొత్తంలో నేను ఎక్కువ టెన్షన్ పడింది గచ్చు గురించే. గోడ రంగు నచ్చకపోతే రెండేళ్లకి మార్చుకుంటాం. గచ్చు పాడైతే మంచాలూ బీరువాలూ బయటపెట్టి, పగలగొట్టించి, ఆ దుమ్ములో ముసలివాళ్లని పెట్టుకుని మళ్లీ వేయించాలి. అది ఎవరివల్లా అయ్యే పని కాదు.

చాలామంది గచ్చు గురించి ఆలోచించడం టైల్స్ షాపులో మొదలుపెడతారు. నేను మట్టి నింపేటప్పుడే మొదలుపెట్టాను. దానికి కారణం తిత్లీ. 2018 అక్టోబరులో ఆ తుఫాను ఈ జిల్లాని ఏం చేసిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మా పాత ఇంట్లోకి నీళ్లొచ్చి, తగ్గాక చూస్తే వెనక గదిలో గచ్చు ఒక పక్కకి కుంగి ఉంది. కింద మట్టి కొట్టుకుపోయింది. అందుకే కొత్తింటికి బేస్‌మెంటు రోడ్డు మట్టానికి మూడడుగుల పైన పెట్టించాం. అది మంచిదే, కానీ బేస్‌మెంటు ఎత్తు పెరిగేకొద్దీ లోపల నింపే మట్టీ పెరుగుతుంది. ఆ మట్టి గట్టిగా కూర్చోకపోతే ఏడాదికో రెండేళ్లకో దిగిపోతుంది. అప్పుడు గోడ అడుగున అంటించే స్కర్టింగ్ పట్టీకీ గచ్చుకీ మధ్య సందు కనిపిస్తుంది, గది మధ్యలో టైల్స్ చిట్లుతాయి. మనం టైల్ కంపెనీని తిట్టుకుంటాం, తప్పేమో అడుగున ఉంటుంది.

కాంట్రాక్టరు ట్రాక్టర్లతో గ్రావెల్ తోలించి ఒక్కసారే నింపేద్దామన్నాడు. "ఒక వర్షాకాలం గడిస్తే అదే కూర్చుంటుంది మేడం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆరు అంగుళాలకి ఒక పొర చొప్పున వేసి, నీళ్లు పట్టించి, అద్దెకి తెచ్చిన మిషనుతో దిమ్మిస కొట్టించాను. గోడల మూలల్లోకి మిషను వెళ్లదు, అక్కడ చేతి దిమ్మిసే గతి. మట్టిలో వేర్లు, చెక్క పేళ్లు, సిమెంటు సంచులు కనిపిస్తే ఏరించాను, అవి కుళ్లితే ఆ చోట గుల్లవుతుంది, చెక్క ఉన్నచోటికి చెదలూ వస్తాయి. ప్రతి పొర అయ్యాక ఒక ఇనుప ఊచ తీసుకుని చేత్తో దింపి చూసేదాన్ని. గట్టిపడిన చోట రెండు మూడు అంగుళాలకే ఆగిపోయేది. గోడ మూలల్లో కొన్నిచోట్ల జానెడు దిగింది. అక్కడ మళ్లీ నీళ్లు పోయించి కొట్టించాను. చెదల మందు కొట్టించి, పైన 4 అంగుళాల బెడ్ కాంక్రీటు వేయించాం. ఒడిశాలో స్లాగ్ సిమెంటు వాడకం ఎక్కువ. అది మెల్లగా గట్టిపడే రకం, ఎక్కువ రోజులు తడిపితేనే బలం వస్తుంది. అందుకని ఏడు రోజులతో ఆపకుండా పది రోజులు పైన నీళ్లు నిలబెట్టించాను.

ఆ పది రోజుల్లోనే ఏ గచ్చు వేయాలన్న చర్చ ఇంట్లో బాగా నడిచింది.

మావారికి ఎర్ర గచ్చు మీద ప్రేమ. పాత ఇంట్లో ముందు గదిలో ఉన్నది అదే. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా దానిమీద పడుకుంటే చల్లగా ఉండేది. రెడ్ ఆక్సైడు సిమెంటులో కలిపి, పోసినరోజే నునుపుగా రుద్ది తీసే పని అది. ఒకరోజు ఆలస్యమైనా, రంగు పాళ్లు మారినా మచ్చలొస్తాయి. ఆ పని చేతిలో ఉన్న మేస్త్రీలు మా చుట్టుపక్కల ఇప్పుడు దొరకలేదు. అడిగిన ఒక పెద్దాయన మాత్రం నిజం చెప్పాడు, "నేను చెయ్యగలను బాబూ, కానీ పగుళ్లు రావని మాటివ్వలేను" అని. మొజాయిక్ అంటే పరిచాక రోజుల తరబడి పాలిష్ మిషను, ఇల్లంతా బురద. పాలరాయి అందరికీ ఇష్టమే, కానీ మన వంటిళ్లకి పనికిరాదని నా అభిప్రాయం. పాలరాయి సున్నపు జాతి రాయి. చింతపండు పులుసో నిమ్మరసమో పడి కాసేపు ఉంటే మెరుపే తినేస్తుంది, అక్కడ మొద్దుబారిన మచ్చ మిగిలిపోతుంది. తుడిస్తే పోయేది కాదు. కోటా రాయి గట్టిది, చవక, నడవడానికి హాయి. వెనక వరండాకి దాన్నే ఖాయం చేశాం. గదులన్నిటికీ వేస్తే ఇల్లు చీకటిగా ఉంటుందని అత్తయ్యగారే వద్దన్నారు. చూపు తగ్గినవాళ్లకి గచ్చు లేత రంగులో ఉంటే కిందపడిన వస్తువు కనిపిస్తుంది, ఆ సంగతి ఆవిడ చెప్పాకే నాకు తట్టింది.

చివరికి గదులకి మెరుపు లేని విట్రిఫైడ్ టైల్స్, గుమ్మాలకీ మెట్లకీ వంటగట్టుకీ గ్రానైట్ అనుకున్నాం.

విట్రిఫైడ్ అని అందరూ ఒకటే మాట అంటారు గానీ అందులో రకాలున్నాయి. మనకి దొరికేవాటిలో చాలా భాగం గుజరాత్‌లోని మోర్బి నుంచే వస్తాయి. విట్రిఫైడ్ అనాలంటే అది పీల్చే నీరు 0.5 శాతానికి మించకూడదు. బాత్రూం గోడలకి వేసే మామూలు సిరామిక్ టైల్ పది శాతం దాకా, అంతకు మించి కూడా పీల్చుతుంది. అందుకే గోడ టైల్ని ఎంత చవగ్గా ఇచ్చినా నేలమీద వేయకూడదు. డబుల్ ఛార్జ్ రకంలో పై రంగు పొర 3, 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, గీత పడినా అదే రంగు. డిజిటల్ ప్రింటు రకంలో బొమ్మ పైన పలచటి గాజు పొరలోనే ఉంటుంది, అందం ఎక్కువ, కానీ గీత లోతుగా పడితే కింద వేరే రంగు బయటపడుతుంది. షాపులో ఏది ఏదో చెప్పకపోతే పగిలిన ముక్క ఒకటి అడిగి అంచు చూస్తే చాలు, తెలిసిపోతుంది. మేము వెళ్లిన షాపుల్లో పగిలిన ముక్క చూపించడానికి ఎవరూ కాదనలేదు.

జారుడు సంగతి మాత్రం చూపులతో తేలదు. బరంపురంలో ఒక షాపుకి అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాను. నచ్చిన నాలుగు నమూనాలు కింద వరసగా పెట్టించి, బ్యాగులో నీళ్ల సీసా తీసి వాటిమీద పోశాను. చెప్పులు విప్పి, ఆవిడని పట్టుకుని ఒక్కో దానిమీద పాదం పెట్టి రుద్దమన్నాను. షాపు కుర్రాడు మొదట కంగారుపడ్డాడు, తర్వాత తనే గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఇంకో రెండు రకాలు తెచ్చి పెట్టాడు. పొడిగా ఉన్నప్పుడు గరుగ్గా అనిపించిన ఒక టైల్ తడిస్తే జర్రున జారింది. చూడ్డానికి నున్నగా ఉన్న ఇంకోటి కాలిని పట్టుకుంది. టైల్స్‌కి ఆర్9 నుంచి ఆర్13 దాకా జారుడు గుర్తులుంటాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. బాత్రూములకి ఆర్11 తీసుకున్నాం. గదులకి అంత గరుకు వద్దు, గుడ్డ పెడితే పీచులు అంటుకుంటాయి, మురికి గుంతల్లో ఉండిపోతుంది. గదులకి ఆర్10 సరిపోయింది.

ఇంకో చిన్న విషయం కూడా మా ఎంపికలో పనిచేసింది. మార్గశిర గురువారాలు మా వీధిలో ఒడియావాళ్ల ఇళ్లముందూ ఇళ్లలోనూ బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, మా ఇంట్లో లక్ష్మీపూజకి పిండి ముగ్గు వేస్తాం. బాగా మెరిసే టైల్ మీద పిండి తడి నిలవదు, ఆరాక రేకుల్లా లేచిపోతుంది. మెరుపు లేని టైల్ మీద నిలుస్తుంది. దేవుడి గదికి ఏది కావాలన్న ప్రశ్న అక్కడితో తేలిపోయింది.

సైజు దగ్గర మావారికీ నాకూ కొంచెం వాదన జరిగింది. ఆయనకి హాల్లో రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవుండే పెద్ద టైల్ కావాలి. పెద్ద టైల్ అందమే, కాదనను. కానీ పొడవు పెరిగితే టైల్‌కి కాస్త వంపు ఉంటుంది, అది తయారీలోనే వస్తుంది. రెండు టైల్స్‌ని ముఖాలు కలిపి నిలబెట్టి చూస్తే చివర్లోనో మధ్యలోనో సన్నటి సందు కనిపిస్తుంది. అలాంటి టైల్స్‌ని ఇటుక కట్టుబడిలా సగానికి సగం జరిపి పరిస్తే, ఒక టైల్ ఎత్తుగా ఉండే మధ్యభాగం పక్కదాని కిందికుండే చివరకి వచ్చి చేరుతుంది. అక్కడ అంచు లేచినట్టు ఉండి కాలికి తగులుతుంది. అత్తయ్యగారు కాలు ఈడుస్తూ నడుస్తారు. అందుకని హాల్లో పెద్ద టైల్ వేసినా జాయింట్లు నేరుగా కలిసేలా పరవాలని, పడకగదుల్లో రెండడుగుల చదరం వేయాలని ఒప్పందానికొచ్చాం.

లెక్క తేలికే. రెండు రకాలకీ బాక్సుకి సుమారు 15.5 చదరపు అడుగులు వస్తాయి. మాకు గదులన్నీ కలిపి 1000 అడుగులకి 65 బాక్సులు, కోతలకీ పగుళ్లకీ పదిశాతం కలిపి 72. ఈ అదనంలో పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. మూడేళ్ల తర్వాత ఒక్క టైల్ పగిలితే అదే రంగు అదే బ్యాచ్ బజార్లో దొరకదు.

బ్యాచ్ సంగతి మాకు దించుకునేటప్పుడే ఎదురైంది. ధర కలిసొస్తుందని ఆంధ్రా వైపు షాపులో కొన్నాం. సరుకు విలువ యాభై వేలు దాటింది కాబట్టి బిల్లుతోపాటు సరుకు రవాణాకి ఉండాల్సిన ఈ-వే బిల్లు కూడా బండితో రావాలని ముందే అడిగి పెట్టుకున్నాను. పాతపట్నం మీదుగా బండి వచ్చింది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. బాక్సుల మీద చూస్తే షేడ్ నంబర్లు రెండు రకాలు. బండి మీద ఉండగానే రెండు రకాల్లోంచీ ఒక్కో బాక్సు విప్పించి టైల్స్ ఎండలో పక్కపక్కన పెట్టించాను. ఒకటి పాలమీగడ రంగు, రెండోది దానికంటే ఒకింత బూడిద. గదిలో ట్యూబులైటు కింద అయితే ఎవరికీ తెలిసేది కాదు, పరిచాక పగటి వెలుతురులో చారల్లా కనిపించేది. వేరే షేడ్ బాక్సులు దించుకోకుండా అదే బండిలో వెనక్కి పంపాను. షాపాయన ఫోన్లో విసుక్కున్నాడు గానీ మార్చి ఇచ్చాడు. దించుకుని సంతకం పెట్టాక అడిగి ఉంటే ఇచ్చేవాడని నాకు నమ్మకం లేదు.

గ్రానైట్ కోసం టెక్కలి వెళ్లాం. ఆ చుట్టుపక్కల కొండల్లోంచి తీసే నీలపు రాయి శ్రీకాకుళం బ్లూ అన్న పేరుతో విదేశాలకి కూడా వెళ్తుంది. మాకది పెరటి చెట్టు లాంటిదే, బయటిరాళ్ల కోసం వెతకాల్సిన అవసరమేముంది? టెక్కలిలో ఉండే మా చిన్నమావయ్యకి రాయి చూడటం తెలుసు. పాలిష్ యూనిట్‌లో పలక నిలబెట్టి ఉంటే ఆయన దానిమీద బకెట్టు నీళ్లు చల్లించి, "ఇప్పుడు ఊరుకో, ఆరనీ" అన్నారు. పలకంతా ఆరిపోయాక ఒకచోట మాత్రం వెంట్రుకంత సన్నటి గీత తడిగా, నల్లగా మిగిలింది. అది బీట. మామూలుగా చూస్తే పాలిష్ మెరుపులో కనపడదు. ఆ పలక పక్కన పెట్టించి వేరేది తీసుకున్నాం. మందం అంచున నాలుగైదు చోట్ల కొలిచారు, 18 మిల్లీమీటర్లని చెప్పిన పలక ఒక మూల 15 ఉంది. అది కూడా వద్దన్నారు. వంకర అంచుల్ని కూడా కలిపి అడుగులు లెక్కేస్తారు కాబట్టి, పనికొచ్చే చదరానికే డబ్బులిస్తామని ముందే మాట్లాడుకోవాలి. వీధి మెట్లకి పాలిష్ రాయి వద్దని, మంటతో కాల్చి గరుకు చేసిన రాయి తీసుకున్నాం. వానలో తడిసిన పాలిష్ గ్రానైట్ మెట్టు ఎంత ప్రమాదమో చూసినవాళ్లకే తెలుస్తుంది. గడపలకి ముదురు రంగే ఎంచుకున్నాం, పసుపు రాసే గడప లేత రంగైతే మరక దిగిపోతుంది.

టైల్స్ పని మొదలయ్యేముందు కాంట్రాక్టరుతో రెండు కాగితాల మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. టైల్ టైల్‌కీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు, ఆ సందు సమంగా ఉంచే స్పేసర్లు తప్పనిసరి. పక్క టైల్స్ అంచుల్లో ఎత్తు తేడా గోటికి తగలకూడదు. మూలల్లో డొల్ల పలికితే వాళ్ల ఖర్చుతోనే తీసి వేయాలి. కూలి చివరి భాగం అన్నీ తట్టి చూశాకే. పని మొదలయ్యాక ఇవన్నీ మాట్లాడితే గొడవలు, ముందే అయితే ఎవరికీ బాధ లేదు.

పెద్దమేస్త్రీ పాతపట్నం వైపు నుంచి వచ్చేవారు, కుర్రాళ్లు ఇక్కడి ఒడియావాళ్లు. ముందు మట్టపు గొట్టంతో ఇల్లంతా ఒకే ఎత్తులో గోడలమీద గీత కొట్టించాం. ప్రతి గుమ్మం దగ్గరా ఆ గీత నుంచి కిందికి కొలిస్తే గచ్చు ఎంత ఎత్తులో రావాలో తెలుస్తుంది. తలుపు కింద ఖాళీ, బాత్రూం గుమ్మం ఎత్తు అన్నీ ఆ గీతని బట్టే. నీళ్ల పైపుల్ని కూడా అప్పుడే ఒత్తిడి పెట్టి పరీక్షించి, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకున్నాను. గచ్చు పడ్డాక పైపు ఎక్కడుందో ఆ ఫోటోలే చెప్పాలి.

పద్ధతి దగ్గర మేస్త్రీగారికీ నాకూ కుదరలేదు. ఆయన అలవాటు మాలు పరిచి, సిమెంటు పాలు పోసి, టైల్ పెట్టి రబ్బరు సుత్తితో కొట్టడం. మొజాయిక్‌కీ రాళ్లకీ అది బాగా పనిచేసిన పద్ధతే. విట్రిఫైడ్ టైల్ వెనక వైపు కూడా నీళ్లు పీల్చదు, సిమెంటు పాలు దానికి సరిగ్గా పట్టవు. అందుకని మాలుతో మట్టం చేసి, తడిపి, ఆరాక, పైన టైల్స్ అతికించే గమ్ముతో టైల్ పెట్టాలని అనుకున్నాం. 20 కేజీల గమ్ము సంచి సుమారు 50 చదరపు అడుగులకి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. నేను ఆ ఖర్చుకి వెనకాడలేదు. మెరిసే టైల్ నుంచి మెరుపు లేని టైల్‌కి దిగడం వల్ల మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టాను.

మొదటి పడకగదిలో రెండు వరసలు అయ్యాక సాయంత్రం వెళ్లాను. చూడ్డానికి చక్కగా ఉంది, బద్ద పెడితే ఎక్కడా ఊగలేదు.

"మేస్త్రీ గారూ, ఈ చివరి టైల్ ఒకసారి ఎత్తుతారా?"

"ఎందుకమ్మా, మట్టం బాగానే ఉంది కదా?"

"మట్టం బాగుందండీ. కింద ఎలా పట్టిందో చూద్దామని."

ఆయనకి నచ్చలేదు. అయినా తాపీ దూర్చి, సక్షన్ కప్పు పెట్టి లాగారు. వెనక్కి తిప్పి చూస్తే ఐదు ముద్దలు, నాలుగు మూలలకి కాస్త లోపలగా నాలుగు, మధ్యలో ఒకటి. ముద్దల మధ్యంతా ఖాళీ. టైల్ వెనక అచ్చుగుద్దిన కంపెనీ గుర్తు దుమ్ముతో సహా అలాగే ఉంది.

"ఇంతకాలం ఇలాగే పరిసేం అమ్మా, ఎక్కడా లేవలేదు" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే నమ్మి అన్నారు.

"లేవకపోవచ్చండీ. కానీ మూల కింద ఏమీ లేదు కదా. మంచం కోడు సరిగ్గా అక్కడ ఆనితే?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి పళ్ల తాపీ తెమ్మన్నారు. గమ్ము మొత్తం పరిచి, పళ్లతో ఒకే దిక్కున గీతలు లాగి, టైల్ వెనక కూడా పలచగా రాసి, పెట్టాక ఆ గీతలకి అడ్డంగా అటూ ఇటూ కాస్త జరుపుతూ నొక్కారు. అలా జరిపితేనే గీతలు ఒకదానిమీద ఒకటి పడి మధ్యలో గాలి బయటికి పోతుంది. మళ్లీ ఎత్తి చూపించారు. ఈసారి వెనకంతా బూడిదరంగే, ఒక్క అంచున రెండువేళ్లంత ఖాళీ. లోపలి గదుల్లో కనీసం 80 శాతం, తడి ఉండే చోట్ల 95 శాతం పట్టాలని ఒక లెక్క ఉంది. ఇది దాటింది. అప్పటికే వేసిన రెండు వరసలూ ఆయనే తీయించి మళ్లీ వేయించారు. ఆ రోజు నుంచి నేను అడగకముందే పూటకో టైల్ ఎత్తి చూపించేవారు. ఆయన పనితనం మీద నాకు గౌరవం అక్కడే పెరిగింది.

ఎండల్లో ఇంకోటి చూసుకోవాలి. పరిచిన గమ్ము ఇరవై నిమిషాల్లోపే పైన పొరకడుతుంది. వేలు పెడితే అంటుకోవాలి, అంటుకోకపోతే గీకేసి కొత్తది వేయాలి. బకెట్లో బిగుసుకున్నదానిలో నీళ్లు పోసి మళ్లీ కలపడం కుర్రాళ్లకి అలవాటు, అది మాన్పించడానికి తక్కువ తక్కువగా కలిపించాం.

కోత ముక్కలు ఎక్కడికి రావాలో ముందే పొడిగా పరిచి చూసుకున్నాం. గుమ్మంలో నిలబడితే నిండు టైల్ కనిపించాలి, ముక్కలు మంచం కిందికో బీరువా వెనక్కో పోవాలి. రెండు వేళ్ల వెడల్పు ముక్క ఎక్కడా రాకుండా మొదటి వరసని కాస్త జరిపితే సరిపోతుంది.

ఒక గది పూర్తయ్యాక మరునాడంతా దానిమీద ఎవర్నీ నడవనివ్వలేదు. తర్వాత, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ పెట్టకముందే, తట్టే పని. గ్రౌట్ పెట్టాక టైల్ తీస్తే పక్కవాటి అంచులు దెబ్బతింటాయి, అందుకే ముందే. ఐదు రూపాయల బిళ్లతో నాలుగు మూలలా, నాలుగు అంచులా, మధ్యలో తడుతూ పోవాలి. నిండుగా పట్టిన చోట మొద్దుగా, చిన్నగా పలుకుతుంది. డొల్ల ఉన్నచోట శబ్దం పైకి లేస్తుంది. ఫ్యాన్లు, మిషన్లు అన్నీ ఆపించి, మోకాళ్లమీద కూర్చుని గది చివరిదాకా వెళ్లేదాన్ని. అనుమానం ఉన్నచోట సుద్దముక్కతో గుర్తు. మధ్యలో చిన్న డొల్ల ఉంటే వదిలేశాను, దానివల్ల నష్టం లేదు. మూలనో అంచుననో ఉంటే మాత్రం ఎవరు చెప్పినా వదల్లేదు. హాల్లో కిటికీ కింద వరసగా కొన్ని టైల్స్‌కి గుర్తులు పడ్డాయి. కాంట్రాక్టరు "ఇలా ఏరితే పండగలోపు గృహప్రవేశం అవ్వదు మేడం" అన్నాడు. రాసుకున్న కాగితం చూపించాను. ఇంకేం అనలేదు, మేస్త్రీగారు ఆ వరస తీశారు. తీస్తే తెలిసింది, ఆ కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతోంది, గమ్ము పెట్టేలోపే ఆరిపోయింది. అక్కడ గోనెపట్టా కట్టి మళ్లీ వేశారు.

బాత్రూముల్లో టైల్ కంటే ముందు నీళ్లు కారకుండా పూత వేయించి, గుమ్మం దగ్గర చిన్న కట్ట కట్టి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టాం. గోడమీద సుద్దగీత గీసి మట్టం తగ్గిందేమో చూశాం, బయటి గోడ చెమ్మగిల్లిందేమో చేత్తో తడిమి చూశాం. వాటం నాలుగు అడుగులకి అర అంగుళం చొప్పున నీళ్లు పోయే జాలీ వైపు ఇచ్చారు. మరీ ఎక్కువ ఇస్తే పెద్దవాళ్లకి నిలబడటం కష్టం, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. టైల్స్ అయ్యాక బకెట్టు నీళ్లు గుమ్మరించి చూస్తే ఒక మూల చిన్న మడుగు నిలిచింది. ఆ రెండు టైల్స్ మార్పించాను. గచ్చు గది మట్టానికి ముప్పావు అంగుళం కిందికి ఉంచాం, అంతకంటే లోతైతే అత్తయ్యగారికి కాలు తట్టుకుంటుంది.

గ్రౌట్ వంటింట్లో, బాత్రూముల్లో ఎపాక్సీ, మిగతా గదుల్లో మామూలు సిమెంటు గ్రౌట్. పసుపు, నూనె పడే చోట సిమెంటు గ్రౌట్ పెడితే రెండు నెలల్లో రంగు మారుతుంది. ఎపాక్సీ పెట్టేటప్పుడు పక్కన మనిషి ఉండి, టైల్ మీద అంటినదాన్ని వెంటవెంటనే తుడిపించాలి. ఆరిందంటే చాలా ఇబ్బంది. మరకలు పోవాలని యాసిడ్ తెస్తామన్నారు, తేనివ్వలేదు. యాసిడ్ సిమెంటు గ్రౌట్‌ని తినేస్తుంది, కోటా రాయిని మొద్దుబారుస్తుంది.

తర్వాత వచ్చేది వడ్రంగులూ రంగులవాళ్లూ. అట్టపెట్టెలు విప్పి గదులన్నీ కప్పించి, అంచులు టేపుతో అతికించాను. నిచ్చెన కాళ్లకి గుడ్డలు చుట్టించాను. ఇంతచేసినా వంటింట్లో సుత్తి పడి ఒక టైల్ మూల ఎగిరింది. బ్యాచ్ ఒకటే కాబట్టి మార్చినట్టు కూడా తెలియదు.

కొలతలు వేసుకునేటప్పుడు గచ్చు చదరపు అడుగుల్లో, స్కర్టింగ్ రన్నింగ్ అడుగుల్లో, మెట్ల అంచు గుండ్రం చేసిన పని వేరుగా లెక్కగట్టాం. గుమ్మాల వెడల్పు రెండుసార్లు కలవకుండా మేస్త్రీగారూ నేనూ టేపు పట్టుకుని గది గదికీ కొలిచాం. తట్టి చూడటం పూర్తయిన సాయంత్రమే మిగిలిన డబ్బు మొత్తం ఆయన చేతికి ఇప్పించాను. మిగిలిన బాక్సుల్లో రెండు మేడమెట్ల కింద నిలబెట్టి ఉంచాం. బాక్సు మీది షేడ్ నంబరు, గ్రౌట్ రంగు నంబరు, గమ్ము పేరు ఒక కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటించాను. మిద్దె మీద ఇంకా ఏమీ వేయలేదు. ఎండకి వ్యాకోచించే చోట ఎన్ని అడుగులకి ఎంత సందు వదలాలన్న మాట మేస్త్రీగారితో నడుస్తోంది, వేసవి వెళ్లాక చేయించాలి.